పీచు పెంచగానే కడుపుబ్బరం ఎందుకొస్తుంది? పేగుల్లో బ్యాక్టీరియాకు అసలేం కావాలి?

మీరు రాసినదాన్ని ముందు కుదించి చెప్తాను, తర్వాత చదివేవాళ్లకు అర్థమవ్వాలి కదా. వయసు నలభై దాటింది, కూర్చుని చేసే ఉద్యోగం, మలబద్ధకం పాతదే. ఈమధ్య రక్తపరీక్షలో షుగర్ అంచుల్లో ఉందని తేలింది. దాంతో ఇడ్లీ, అన్నం ఒక్కసారిగా మానేశారు. పొద్దున పాలల్లో ఉడికించిన ఓట్స్, మధ్యాహ్నం పెద్ద గిన్నెడు పచ్చికూరగాయల సలాడ్, అందులోనే ఉడికించిన శనగలు, సాయంత్రం ‘హై ఫైబర్’ బిస్కెట్లు, రాత్రి పుల్కాలు, పడుకోబోయే ముందు రెండు చెంచాల ఇసబ్గోల్ మొదలుపెట్టారు. రెండు వారాలు తిరక్కుండానే ఉబ్బరం, గ్యాస్, మెలిపెట్టే నొప్పి. మలబద్ధకం మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. మీరు అడిగినవి మూడు: పీచు మీ ఒంటికి పడదా, మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ మాత్రలు వాడాలా, మలంలో ఏ బ్యాక్టీరియా ఉన్నాయో చెప్పే పరీక్ష చేయించుకోవాలా.

జీర్ణకోశ విభాగంలో డైటీషియన్‌గా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను, ఈ వరస నాకు బాగా తెలిసినదే. పీచు మీకు పడదని అనడానికి మీరు రాసినదాంట్లో ఆధారమేమీ లేదు. ఒకేసారి నాలుగైదు రకాల పీచు కలిపి పెంచారు, నీళ్లు ఎంత తాగుతున్నారో రాయలేదు, పైగా అనుమానించాల్సిన వాటిలో అసలు పీచే కానిది ఒకటుంది: పాలు. మన దక్షిణాదిలో పెద్దవాళ్లు చాలామందికి పాలలోని లాక్టోజ్ అనే చక్కెర సరిగా అరగదు. రోజూ కాఫీలో పడే కాసిని పాలు ఇబ్బంది పెట్టవు, ఓట్స్‌తో పెద్ద గ్లాసెడు పాలు తాగితే అప్పుడు బయటపడుతుంది. పెరుగు తింటే ఏమీ కాదు, ఎందుకంటే తోడులోని బ్యాక్టీరియా లాక్టోజ్‌లో కొంత తినేస్తుంది, మిగిలినదాన్ని పేగులో అరిగించడానికీ సాయపడుతుంది. చాలామంది ఓట్స్ పడలేదంటారు. పాలు తీసేసి మజ్జిగతోనో, కూరముక్కలతో ఉప్మాలాగానో చేసుకుంటే అవే ఓట్స్ హాయిగా పడతాయి.

ఇక పీచు. పీచంటే పేగుల్ని ఊడ్చే చీపురు అని చిన్నప్పటినుంచీ వింటున్నాం. గోధుమ తవుడులాంటి గరుకు పీచు విషయంలో ఆ మాటలో కొంత నిజం ఉంది. అది పెద్దగా అరక్కుండా, నీళ్లను పట్టుకుని, పేగు గోడను రాసుకుంటూ కదిలిస్తుంది. అయితే మనం తినే పీచులో చాలా భాగం అలా బయటికి పోదు. పెద్దపేగులో ఉన్న బ్యాక్టీరియా దాన్ని తిని పెరుగుతాయి. మలంలో నీళ్లు తీసేస్తే మిగిలే బరువులో సగం దాకా ఆ బ్యాక్టీరియాదే. అంటే కూరలు తిన్నప్పుడు విరేచనం సాఫీగా అవడంలో కొంత పాత్ర ఆ ఆకులదైతే, కొంత వాటిని తిని పెరిగిన సూక్ష్మజీవులది.

మనం పిండిపదార్థాన్ని, చక్కెరల్ని విడగొట్టగలం. మొక్కల కణాల గోడల్లో ఉండే సెల్యులోజ్, పెక్టిన్, అరబినోజైలాన్ లాంటివాటిని విడగొట్టే ఎంజైములు మన దగ్గర లేవు. ఆహారంలోని పిండిపదార్థాల్ని విడగొట్టడానికి మనిషి జన్యువుల్లో ఉన్న ఎంజైములు పదిహేడు దాకా ఉంటాయని అంచనా. మన పెద్దపేగులో ఉండే బాక్టీరాయిడిస్ థీటాయోటావ్‌మైక్రాన్ అనే ఒక్క బ్యాక్టీరియా దగ్గరే ఇలాంటివి 260కి పైగా ఉన్నాయి. అందుకే ఆ పని మనం వాటికి వదిలేశాం. అవేం తక్కువమంది కాదు. ఒక మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని 2016లో లెక్క తేల్చారు. మన సొంత కణాలు 30 లక్షల కోట్లు. ఒంటి కణాలకంటే పది రెట్లు బ్యాక్టీరియా ఉంటాయని వాట్సాప్‌లో ఇంకా తిరుగుతున్న లెక్క పాతది. సంఖ్యలో ఇంచుమించు సమానమే, బరువు చూస్తే మొత్తం కలిపినా పావుకిలో లోపే.

అవి పీచును పులియబెట్టినప్పుడు వచ్చేవాటిలో గ్యాస్ ఒకటి, మీకు తెలిసింది అదే. మీకు కనపడకుండా వచ్చేవి అసెటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు. అసెటేట్ ఎక్కువ, మిగతా రెండూ తక్కువ. ఆ తక్కువగా వచ్చే బ్యుటిరేట్ మీదే పెద్దపేగు ఆరోగ్యమంతా ఆధారపడి ఉందన్నా పెద్ద అతిశయోక్తి కాదు. పెద్దపేగు లోపలి పొరలోని కణాలు తమకు కావలసిన శక్తిలో సుమారు 70 శాతం బ్యుటిరేట్ నుంచే తీసుకుంటాయి. ఒంట్లో మిగతా కణాలు రక్తంలోని గ్లూకోజ్ వైపు చూస్తాయి, ఇవి పేగులోపలికి చూస్తాయి.

ఇక్కడ ఒక చక్కని మెలిక ఉంది. బ్యుటిరేట్‌ను దహించడానికి ఆ కణాలు ఆక్సిజన్ ఖర్చు చేస్తాయి. అందువల్ల పేగు గోడ పక్కన ఆక్సిజన్ దాదాపు లేకుండా పోతుంది. బ్యుటిరేట్ తయారుచేసే ఫీకలిబాక్టీరియం, రోజ్‌బూరియా లాంటి మంచి రకాలకు ఆక్సిజన్ అంటే పడదు, కాబట్టి అవి హాయిగా పెరుగుతాయి. సాల్మొనెల్లా, ఈ.కోలై కుటుంబంలోని వాటికి ఆక్సిజన్ ఉంటే లాభం, కాబట్టి అవి తగ్గుతాయి. యాంటీబయాటిక్స్ గట్టిగా వాడినప్పుడు ఈ ఏర్పాటు తిరగబడుతుంది: బ్యుటిరేట్ తగ్గుతుంది, కణాలు ఆక్సిజన్ వాడడం తగ్గిస్తాయి, అది లోపలికి జారుతుంది, ముప్పు తెచ్చే రకాలు పెరుగుతాయి. యాంటీబయాటిక్ కోర్సు తర్వాత విరేచనాలు పట్టుకోవడానికి ఇదొక కారణం.

పీచు లేకపోతే ఈ బ్యాక్టీరియా పస్తుండవు. పేగు గోడ మీద జిగురు పొర ఒకటి ఉంటుంది, బ్యాక్టీరియా గోడకు నేరుగా తగలకుండా ఆపేది అదే. ఆ జిగురులో కూడా చక్కెర గొలుసులుంటాయి. బయటినుంచి తిండి రానప్పుడు అవి ఆ జిగురును తినడం మొదలుపెడతాయి. 2016లో ఎలుకల మీద చేసిన ఒక ప్రయోగంలో దీన్ని స్పష్టంగా చూపించారు. పేగుల్లో ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకలకు మనుషుల పేగుల్లో ఉండే 14 రకాల బ్యాక్టీరియా ఎక్కించి, కొన్నింటికి పీచున్న తిండి, కొన్నింటికి పీచు లేని తిండి పెట్టారు. పీచు లేనివాటిలో జిగురు పొర పలచబడింది. తర్వాత ఎలుకల్లో పేగు వ్యాధి తెచ్చే సిట్రోబాక్టర్ అనే బ్యాక్టీరియాను ఇచ్చినప్పుడు అవే తీవ్రంగా జబ్బుపడ్డాయి. రోజు మార్చి రోజు పీచు పెట్టినా పొర పూర్తిగా నిలవలేదు. ఎలుకల సంగతి మనుషులకు అచ్చంగా అప్పజెప్పలేం. అయినా వారమంతా బిరియానీ, ఆదివారం ఒక్క గిన్నె సలాడ్ అనే పద్ధతి మీద నాకున్న అపనమ్మకానికి ఇదొక కారణం.

పీచు చాలనప్పుడు ఇంకొకటి కూడా జరుగుతుంది. పెద్దపేగు కుడివైపు మొదట్లో పీచు అయిపోతే, ఎడమవైపుకు వచ్చేసరికి బ్యాక్టీరియా అరగని మాంసకృత్తుల మీద పడతాయి. అప్పుడు వచ్చేవి అమ్మోనియా, హైడ్రోజన్ సల్ఫైడ్, క్రెసాల్ లాంటివి. గ్యాస్ ఎక్కువ రావడం వేరు, భరించలేని కంపు కొట్టడం వేరు. పప్పులు తింటే గ్యాస్ పెరుగుతుంది గానీ వాసన అంత ఉండదు, అది చాలావరకు హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్. మాంసం, గుడ్లు, ప్రోటీన్ పొడి దండిగా, కూరగాయలు నామమాత్రంగా తినేవాళ్లకు కంపు సమస్య ఎక్కువ. జిమ్‌కు వెళ్లే కుర్రాళ్లు ఈ ఫిర్యాదుతో వచ్చినప్పుడు ప్రోటీన్ మానమని చెప్పను, పక్కన పెసలో శనగలో పెట్టుకోమంటాను.

పీచు సంగతిని జనంలోకి తెచ్చింది డెనిస్ బర్కిట్ అనే ఐర్లండ్ సర్జన్. పిల్లల్లో వచ్చే ఒక లింఫోమాకు, అంటే ఒక రకం క్యాన్సర్‌కు, ఆయన పేరే ఉంది, చాలామందికి అలాగే తెలుసు. ఉగాండాలో ఏళ్ల తరబడి ఆపరేషన్లు చేసిన ఆయనకు అక్కడి పల్లెల్లో పెద్దపేగు క్యాన్సర్, పేగు గోడ చిన్న సంచుల్లా ఉబ్బే డైవర్టిక్యులోసిస్, అపెండిసైటిస్ చాలా అరుదుగా కనిపించాయి. 1972లో ఆయనా, తోటివాళ్లూ ప్రచురించిన కొలతల్లో ఉగాండా పల్లె జనం రోజుకు 400 గ్రాములకు పైగా మలవిసర్జన చేస్తుండగా, తిన్నది బయటికి రావడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఇంగ్లండ్ వాళ్లకు సుమారు 100 గ్రాములు, మూడు రోజులకు పైనే. ఆయన వాదనలో అన్నీ నిలబడలేదు, పల్లె జీవితంలో పీచొక్కటే తేడా కాదు కదా. ఆయన రోజుల్లో పీచంటే ప్రధానంగా పరిమాణం, వేగం. బ్యాక్టీరియా సంగతి ఆ తర్వాత తేలింది.

దాన్ని తేల్చిన ప్రయోగాల్లో నాకు బాగా నచ్చేది 2015లో వచ్చింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ ప్రాంతపు నల్లజాతివాళ్లు 20 మంది, దక్షిణాఫ్రికా పల్లెవాళ్లు 20 మంది. రెండు వారాలు ఒకరి తిండి మరొకరికి పెట్టారు. అమెరికా వాళ్ల పీచు రోజుకు 14 గ్రాముల నుంచి 55కి పెరిగింది, ఆఫ్రికా వాళ్లది 66 నుంచి 12కు పడిపోయింది. రెండు వారాల్లోనే అమెరికా వాళ్లలో బ్యుటిరేట్ రెండున్నర రెట్లయింది, పేగు పొరలో వాపు సూచనలు తగ్గాయి. ఆఫ్రికా వాళ్లలో బ్యుటిరేట్ సగానికి పడింది, వాపు పెరిగింది. క్యాన్సర్ వచ్చిందనో తగ్గిందనో కాదు, రెండు వారాల్లో అది తెలియదు. పేగు లోపలి వాతావరణం ఎంత తొందరగా మారుతుందో దీంతో తెలిసింది. మీకు ఇది మంచి వార్త: నలభై దాటాక ఇంకేం మారుతుందిలే అనుకోనక్కర్లేదు.

ఇక మీ గ్యాస్ సంగతి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి రోజుకు అరలీటరుకు పైగా గ్యాస్ పోవడం మామూలే. కొత్త పీచు మొదలుపెట్టినప్పుడు దాన్ని తినే బ్యాక్టీరియా తక్కువుంటాయి, ఆ పులియడం అడ్డదిడ్డంగా సాగుతుంది, హైడ్రోజన్ పేరుకుంటుంది. ఆ హైడ్రోజన్‌ను వాడుకునే జాతులు నెమ్మదిగా పెరుగుతాయి. రెండు మూడు వారాలు అదే పీచు అదే మోతాదులో తింటే చాలామందిలో గ్యాస్ తిరిగి తగ్గుతుంది. మీరు ఆ వ్యవధి ఇవ్వలేదు. ఒకదానికి అలవాటు పడేలోగా ఇంకొకటి వేశారు.

అన్ని పీచులూ ఒకటి కావు. బిస్కెట్ ప్యాకెట్ వెనక చదవండి, ఇనులిన్ అనో చికోరీ పీచు అనో ఉంటే అది క్షణాల్లో పులిసే రకం, కొద్దిగా ఎక్కువైనా పొట్ట ఉబ్బుతుంది. పైగా ఆ బిస్కెట్లో మొదటి పదార్థం మైదా, రెండోది చక్కెరో పామాయిలో అయి ఉంటుంది. 100 గ్రాములకు 6 గ్రాముల పీచు ఉంటే మన దేశంలో ‘హై ఫైబర్’ అని వేసుకోవచ్చు. నాలుగు బిస్కెట్లు కలిపి ముప్పై నలభై గ్రాములుంటే మీకు వచ్చేది రెండు గ్రాముల చిల్లర. అంత పీచు రెండు బెండకాయల వేపుడులో లేకపోయినా ఒక చిన్న కప్పు కూరలో ఉంటుంది. బిస్కెట్లు ఇవాళే ఆపేయండి, వాటిని గురించి ఇంకేం ఆలోచించనక్కర్లేదు.

శనగలు, అలసందలు, రాజ్మాలో ఉండే రఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు మనకు అరగవు, బ్యాక్టీరియాకు మహా ఇష్టం. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికిస్తే వీటిలో కొంత పోతుంది. మొలకెత్తిస్తే ఇంకొంత పోతుంది. ఇంగువ వేస్తే గ్యాస్ రాదంటారు, దానికి గట్టి రుజువులు లేవు, నష్టమూ లేదు, నేనైతే రుచి కోసం వేస్తాను. గోధుమ, ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు అనే పీచు కూడా ఇలా పులిసేదే. అన్నం తిన్నన్నాళ్లూ లేని ఉబ్బరం పుల్కాలతో వస్తే గోధుమలోని గ్లూటెన్ అనే మాంసకృత్తి మీద అనుమానం పెట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి.

గోధుమ తవుడు, పచ్చి సలాడ్ లాంటి గరుకు పీచు సున్నితమైన పేగులున్నవాళ్లకు, అంటే ఐబీఎస్ వాళ్లకు, నొప్పి పెంచుతుంది. వాళ్లకు నప్పేది ఇసబ్గోల్ లాంటి జిగురుగా మారే పీచు. గుజరాత్, రాజస్థాన్లలో పండే గింజ పైపొట్టు అది. నీళ్లు పీల్చి జెల్‌లా అవుతుంది, బ్యాక్టీరియా దాన్ని పెద్దగా తినలేవు, అందువల్ల గ్యాస్ తక్కువ, మలం మెత్తబడుతుంది. విచిత్రం ఏమిటంటే ఇదే మలబద్ధకానికీ, నీళ్ల విరేచనాలకీ రెండింటికీ పనికొస్తుంది. చెడు కొలెస్టరాల్ కూడా కొంత తగ్గిస్తుంది. కానీ బ్యాక్టీరియాకు తిండి పెట్టడం దాని పని కాదు. రోజూ ఇసబ్గోల్ తాగుతున్నాను కాబట్టి కూరలు అక్కర్లేదు అనుకునేవాళ్లకు ఈ తేడా తెలియాలి. ఇంకో మాట, మంచం మీద కూర్చుని రెండు గుటకల నీళ్లతో మింగి పడుకోవడం ప్రమాదం. గొంతులోనో అన్నవాహికలోనో ఉబ్బి ఇరుక్కున్న సందర్భాలున్నాయి. ఒక చెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగాలి. మిగతా మందులకూ దానికీ రెండు గంటల ఎడం ఉండాలి. తర్వాత మళ్లీ వాడితే రాత్రి భోజనానికి ముందు వేసుకోండి, పడుకునే వేళకు వద్దు.

అన్నం మానేయాలా అన్నది మీరు నేరుగా అడగలేదు గానీ మీ ప్రశ్నంతా దాని చుట్టూ తిరిగింది. లెక్క చూద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాముల లోపే. జొన్నల్లో 10, రాగుల్లో 11, కందిపప్పులో 9, శనగపప్పులో 15, పొట్టు పెసల్లో 17, ముడి శనగల్లో 25. తెల్ల జామపండులో ఎనిమిదిన్నర. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు, అదీ సహజమైన ఆహారంలోంచి, అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇప్పుడు మామూలు తెలుగు భోజనం తీసుకోండి. రోజుకు 250 గ్రాముల బియ్యం, 7 గ్రాములు. పప్పులో 40 గ్రాముల కందిపప్పు, మూడున్నర. కూరగాయలు 150 గ్రాములు, ఓ 5. మొత్తం 15, 16 దగ్గర ఆగుతుంది. ఇదే మనిషి పొద్దున ఇడ్లీ బదులు 50 గ్రాముల పొట్టు పెసలతో పెసరట్టు వేసుకుంటే 8 వస్తుంది, సాయంత్రం బిస్కెట్ల బదులు జామకాయ ఒకటి తింటే ఇంకో 8. ఓట్స్ ముట్టుకోకుండానే 30 దాటింది. జామ గింజలు అపెండిక్స్‌లో ఇరుక్కుంటాయన్న భయంతో జామ మానేసిన ఇళ్లున్నాయి, ఆ భయం అక్కర్లేదు.

ఓట్స్ మీద నాకు కోపమేమీ లేదు. అందులోని బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్టరాల్ తగ్గిస్తుంది, అది రుజువైనదే. కానీ ఒక గిన్నెకు పట్టే 40 గ్రాముల ఓట్స్‌లో పీచు 4 గ్రాములు, అంతే బరువు జొన్నపిండిలోనూ అంతే. తెలంగాణలో జొన్నరొట్టె, రాయలసీమలో రాగి సంకటి తిని పెరిగినవాళ్లు ఊరు మారగానే అవి మానేసి, ఆరోగ్యం కోసమని ఓట్స్ కొనడం చూస్తే మాత్రం కాస్త నవ్వొస్తుంది.

బియ్యంలోనే ఇంకో సంగతి ఉంది. వండిన అన్నం చల్లారితే అందులోని పిండిపదార్థం కొంత మళ్లీ గట్టిగా అల్లుకుని చిన్నపేగులో అరక్కుండా పెద్దపేగు దాకా వెళ్తుంది. 100 గ్రాముల వేడి అన్నంలో ఇలాంటిది 0.64 గ్రాములుంటే, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంచి మళ్లీ వేడిచేసిన అన్నంలో 1.65 గ్రాములున్నట్టు 2015లో ఒక అధ్యయనం కొలిచింది. రుమినోకాకస్ బ్రోమీ అనే బ్యాక్టీరియాకు ఇది ప్రత్యేకం. అది విడగొట్టి పెడితే మిగతావి తిని బ్యుటిరేట్ చేస్తాయి. పచ్చి అరటికాయలోనూ ఈ రకం ఎక్కువే, వండాక కొంత తగ్గుతుంది. చద్దన్నం గొప్పదంటూ వచ్చే వీడియోలకు మూలం ఇదే. నిజమే, కానీ లెక్క మీరే చూశారు: 300 గ్రాముల అన్నానికి మూడు గ్రాములు అదనం. మంచిదే, మహత్యం కాదు. షుగర్ అంచుల్లో ఉన్నవాళ్లు చద్దన్నం కదా అని రెట్టింపు తింటే ఆ లాభం కాస్తా పోతుంది. మన ఎండల్లో అన్నాన్ని రాత్రంతా వంటగట్టు మీద వదిలేయకండి. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా అందులో వదిలే విషం మళ్లీ మరిగించినా పోదు. వండిన గంటా రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా పాతపద్ధతిలో మజ్జిగ కలిపి పులియనివ్వాలి, ఆ పులుపు దాన్ని చాలావరకు అణచి ఉంచుతుంది.

మీకు నేనిచ్చే వరస ఇది. మొదటి వారం బిస్కెట్లు, ఇసబ్గోల్, గ్లాసెడు పాలు, పచ్చి సలాడ్ ఆపేయండి. మామూలు భోజనానికి రండి, అన్నం తగ్గించి ఉడికిన కూర పెంచండి: బీర, సొర, గుమ్మడి, బెండ. రోజూ పెరుగు. ఉబ్బరం దిగాక రెండో వారం పొద్దున పెసరట్టు ఒకటి పెట్టండి, మిగతాదేదీ కదపొద్దు. మూడో వారం రాత్రికి ఒక జొన్నరొట్టె. నాలుగో వారం జామకాయ లేదా తోటకూర, గోరుచిక్కుడు, మునగాకు. శనగలు, అలసందలు చివర్న, పిడికెడుతో మొదలు. ఒకసారి ఒకటే కలిపి, దానికి అలవాటు పడకముందే ఇంకొకటి కలపకుండా చూసుకుంటే చాలు, తూచనక్కర్లేదు. ఒకటి కలిపాక నొప్పి తిరిగొస్తే ఏది పడలేదో మీకే తెలిసిపోతుంది. పాలు కూడా విడిగా ఒక రోజు తాగి చూడండి. షుగర్ కోసం అన్నం ముందు కూర, పప్పు తిని తర్వాత అన్నం తినడం చేయొచ్చు, భోజనం తర్వాత పావుగంట నడక పేగులకూ మంచిదే.

నాలుగైదు వారాలు ఇలా చేసినా మలబద్ధకం కదలకపోతే పీచు ఇంకా పెంచకండి. కొంతమందిలో సమస్య మలం గట్టిగా ఉండడం కాదు, విసర్జన వేళ సడలాల్సిన కండరాలు సడలకపోవడం. మెత్తగానే ఉన్నా చాలాసేపు ముక్కాల్సి రావడం, పూర్తిగా పోలేదనిపించడం దాని గుర్తులు. వాళ్లకు పీచు పెంచితే ఉబ్బరం తప్ప ఫలితముండదు, ఆ కండరాలకు శిక్షణ ఇచ్చే చికిత్స వేరే ఉంది. ఐరన్, కాల్షియం మాత్రలు, కొన్ని బీపీ మందులు, నొప్పి మందులు కూడా మలబద్ధకం తెస్తాయి. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టి ఉంటే గ్యాస్‌కు అదే కారణం కావచ్చు, మీరు రాయలేదు కాబట్టి అడుగుతున్నాను.

కొందరు ఈ సలహా ఏదీ పాటించకూడదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, నిద్రలోంచి లేపే నొప్పి లేదా విరేచనం, ఉన్నట్టుండి మారిన విసర్జన అలవాటు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్, వీటిలో ఏది ఉన్నా ముందు డాక్టరు దగ్గరికి. మన దేశంలో పేగు క్షయ ఇంకా ఉంది, పేగుల్లో దీర్ఘకాలం వాపు తెచ్చే క్రోన్స్ వ్యాధి కూడా పెరుగుతోంది. రెండింటిలోనూ పేగు ఒకచోట సన్నబడే అవకాశముంది. అలాంటివాళ్లు పీచు మంచిదని గోరుచిక్కుళ్లు, కమలా తొనలు నమిలితే అక్కడ అడ్డుపడి ఆపరేషన్ దాకా పోవచ్చు. తిన్న గంటా రెండు గంటలకు మెలితిప్పే నొప్పి, కడుపులో గుడగుడ, వాంతి వస్తుంటే అది పీచుకు అలవాటుపడే గ్యాస్ అనుకోవద్దు. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పొటాషియం లెక్క ఉంటుంది, వాళ్ల పట్టిక వేరు.

ప్రోబయోటిక్ మాత్రల గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మీకు ఇప్పుడు అక్కర్లేదు. కొన్ని ప్రత్యేక రకాలు కొన్ని ప్రత్యేక సందర్భాల్లో పనిచేస్తాయి, యాంటీబయాటిక్ వల్ల వచ్చే విరేచనాలు వాటిలో ఒకటి. ఉబ్బరానికి ఏదో ఒక ప్యాకెట్ కొనుక్కోవడం గుడ్డిగా చేసే పని. బయటినుంచి వచ్చినవి చాలామందిలో పేగులో కాపురం పెట్టవు, వేసుకున్నన్నాళ్లు ఉండి పోతాయి. 2021లో అమెరికాలో 36 మందితో చేసిన ఒక ప్రయోగంలో, పది వారాలు పెరుగులాంటి పులిసిన పదార్థాలు ఎక్కువగా తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపు సూచికలు తగ్గాయి. పీచు పెంచినవాళ్లలో ఫలితం అందరికీ ఒకేలా రాలేదు, మొదటినుంచీ రకరకాల బ్యాక్టీరియా ఉన్నవాళ్లకే వాపు తగ్గింది. చిన్న ప్రయోగం, దీనిమీద మేడలు కట్టొద్దు. అయినా పెరుగు, మజ్జిగ, పీచు మూడూ ఒకే పళ్లెంలో ఉంటే మాత్రకు ఖర్చుపెట్టాల్సిన పని కనపడదు. ఇడ్లీ, దోసె పిండి పులిసినదే గానీ ఆవిరికీ పెనం వేడికీ బ్యాక్టీరియా చచ్చిపోతాయి. ఆవకాయ అసలు పెద్దగా పులియదు, ఉప్పు, నూనె, ఆవపిండి దాన్ని నిలవ ఉంచుతాయి. ఈ రెండింటినీ ప్రోబయోటిక్ అని పంచుకోవడం ఆపితే బాగుండు.

బ్యాక్టీరియా పరీక్ష వద్దు. రంగురంగుల పటాలతో చాలా పేజీల రిపోర్టు వస్తుంది, ఏ రకం ఎంత శాతమో ఉంటుంది. ఆరోగ్యవంతుడికి ఎంత ఉండాలన్న ఒప్పుకున్న కొలత ఇంకా లేదు. పళ్లెం మారితే కొద్ది రోజుల్లోనే అంకెలు మారతాయి. మన భారతీయుల పేగుల్లో ప్రివోటెల్లా అనే బ్యాక్టీరియా ఎక్కువగా కనిపిస్తుంది, మొక్కల తిండి ఎక్కువ తినేవాళ్లలో అది మామూలు. పడమటి దేశాల లెక్కలతో పోల్చి అదే మీ లోపమని రాసిన రిపోర్టులు నా దగ్గరికి వస్తుంటాయి. ఆ డబ్బులో చిన్న భాగంతో థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, మూడు నెలల షుగర్ చేయించుకోండి. థైరాయిడ్ తగ్గినా మలబద్ధకం ఉంటుంది, మీరు పంపిన వివరాల్లో ఆ పరీక్ష కనపడలేదు.